రక్తాక్షి ఉప్పెన

దీపావళి వెళ్లి రెండు రోజులైంది. రక్తాక్షి నామ సంవత్సరం, కార్తీక శుద్ధ విదియ, మంగళవారం. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికి వెళ్లి భోంచేయాల్సిన రోజు. ఆ పూట తోబుట్టువు చేతి అన్నం తిన్నవాడి జోలికి యముడు రాడని నమ్మకం. ఇంగ్లీషు లెక్కలో అది 1864 నవంబరు 1.

బందరులో పొద్దున్నుంచీ ముసురు. ఈ వానలో ఏం వెళతాంలే అని ఇంట్లోనే ఆగిపోయినవాళ్లుంటారు. పండగపూట చెల్లెలు ఎదురుచూస్తుందని గొడుగేసుకుని బయల్దేరినవాళ్లుంటారు. ఆ రాత్రి ఎవరు ఏ ఊళ్లో, ఏ ఇంట్లో, ఎంత ఎత్తున ఉన్నారన్నదే వాళ్ల ఆయుష్షును తేల్చేసింది. తెల్లారేసరికి ఆ తీరంలో దాదాపు 30,000 మంది లేరు.

ఆ రాత్రినీ, ఆ తర్వాతి రోజులనూ ఒక మిషనరీ ఇంటి నుంచి చూపించే ప్రయత్నం ఇది. ముందుగా ఒక మాట. ఊరు, తేదీలు, పేరున్న మనుషులు, జరిగిన నష్టం, ఇవన్నీ చరిత్రలో ఉన్నవే. దృశ్యాల్లో వినిపించే మాటలూ, వంటమనిషీ, జాలరి తాతా మాత్రం నేను కల్పించుకున్నవి.

అప్పటి బందరును ఇప్పటి మచిలీపట్నంతో పోల్చుకుంటే పొరపాటు పడతాం. రైలు లేదు.  కృష్ణా జిల్లా ఏర్పడి అయిదేళ్లు, బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అని ఊళ్లోని పేటలకే సముద్రం దాటి వచ్చిన జాతుల పేర్లున్నాయి. అద్దకం బట్టలు ఓడలెక్కి పోయిన వైభవం అప్పటికే తగ్గింది. కోటలో పటాలం మాత్రం ఇంకా ఉంది. కోటకూ ఊరికీ మధ్య బురద పర్ర, దాని మీదుగా ఒక కట్ట దారి. పోటు వస్తే పర్రలోకి నీళ్లెక్కుతాయి, పాటుకు తీస్తాయి. రోజుకు రెండుసార్లు చూసే తంతు కాబట్టి ఊరివాళ్లకు సముద్రమంటే భయం లేదు. కాలవగట్టున ఉన్నవాడికి కాలవంటే ఉండే చనువే వాళ్లకూ ఉండేది.

ఆ ఊళ్లో చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్ల ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి జాన్ షార్కీ పాదిరిది. ఆయన ఇంగ్లండు నుంచి దిగిన దొర కాడు, ఈ దేశంలోనే పుట్టినవాడు. తెలుగు ఆయనకు నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్న భాష కాదు. ఆయన భార్య పేరు మిషన్ పుస్తకాల్లో ఎక్కువగా 'మిసెస్ షార్కీ' అనే కనిపిస్తుంది. ఊరివాళ్లకు ఆమె దొరసానమ్మ, పిల్లలకు అమ్మగారు. ఆమె నడిపేది ఆడపిల్లల బడి, అదీ పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకునే బడి. 1864 నాటికే ఆ బడికి పదిహేనేళ్లు దాటాయి. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టడానికి ఇంకా పదేళ్లుంది. ఆ ఏటికి ఆయన పదహారేళ్ల కుర్రాడు.

బందరు మిషన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది రాబర్ట్ నోబుల్. 1841లో వచ్చి మళ్లీ స్వదేశం ముఖం చూడని బ్రహ్మచారి. 1843లో ఆయన పెట్టిన బడే నేటి నోబుల్ కాలేజీ. ఆయన గురి పైకులాల మగపిల్లల మీద. వాళ్లు మారితే మిగతా సమాజం వెనకాలే వస్తుందని ఆయన లెక్క. అందుకోసం బడిలో కులం పట్టింపులకు చోటిచ్చాడు, అట్టడుగు కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. అంత జాగ్రత్తపడినా 1852లో రత్నం అనే బ్రాహ్మణ కుర్రాడు, భూషణం అనే వెలమ కుర్రాడు బాప్తిస్మం తీసుకునేసరికి ఊరు అట్టుడికిపోయింది, బడి ఖాళీ అయింది. ఆ ఇద్దరూ సరిగ్గా ఈ ఉప్పెన ఏడాదే పాదిరులయ్యారు.

షార్కీ దొరసాని బడిలో ఇలాంటి ఎత్తుపైఎత్తుల ఊసు లేదు. కొత్తగా క్రైస్తవులైన కుటుంబాల పిల్లలు, ఎవరూ లేని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. చదువు, కుట్టుపని, ప్రార్థన, వంట. ఆ బడి పిల్లలు ఉపదేశుల భార్యలై పల్లెలకు వెళ్లేవాళ్లు. చరిత్ర పుస్తకాల్లో నోబుల్‌కు పేజీలుంటే ఈమెకు పంక్తులే దక్కాయి. నా మట్టుకు బందరు మిషన్‌లో ఎక్కువ సాహసం ఈ రెండో బడిదే. పైకులం మగపిల్లవాడికి ఇంగ్లీషు నేర్పితే రేపు కచేరీలో ఉద్యోగం వస్తుందని తండ్రికి ఆశ ఉంటుంది. పేద ఇంటి ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే ఏమొస్తుందో ఆ రోజుల్లో చెప్పగలిగినవాడు లేడు.

మంగళవారం పొద్దు వాలింది. పెరట్లో వంటశాల పొయ్యి మండటం లేదు. తాటాకు కప్పు ఒక పక్క లేచి లేచి పడుతోంది.

"పెద్దమ్మా, కట్టెలన్నీ తడిసిపోయాయి. లోపలికి తెచ్చేదా?"

"తే. ఆ గాదె మీద గోనెపట్టా కూడా లాగవే. బియ్యం తడిస్తే రేపు మీరు తినేది పురుగుల కూడే."

వంటమనిషి ఈదురుగాలిని చూడటం ఇది మొదటిసారి కాదు. కార్తీకంలో ఒకటో రెండో రానే వస్తాయి. గాలి ఎటు తిరుగుతుందో చూసుకుంటూ, తలుపుల వెనక రోకళ్లు ఆనిస్తూ, దీపాలకు చేతులు అడ్డం పెట్టుకుంటూ పనులు చక్కబెడుతోంది. చిన్నపిల్లలందరినీ ఒకే గదిలోకి తెమ్మని దొరసాని చెప్పింది. చాపలు తెచ్చారు. పెద్దపిల్లలు చిన్నవాళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పాట మొదలుపెడితే గాలి హోరులో పక్కనున్న గొంతు కూడా వినపడటం లేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక గుమ్మం కింద నుంచి నీళ్లు సన్నగా లోపలికి పాకాయి. వాన నీళ్లే అనుకున్నారు. ఒక పిల్ల చాప తీయబోయి, తడిసిన చెయ్యి మొహానికి తుడుచుకుంది.

"అమ్మగారూ, ఈ నీళ్లు ఉప్పగా ఉన్నాయి."

గదిలో ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆ మాటకు అర్థం వెతుక్కుని ఉంటారు. సముద్రం ఎక్కడో కోటకవతల ఉంది. అది నడిచి ఇంట్లోకి రావడమేమిటి? వంటమనిషికి మాత్రం వెంటనే తట్టింది. ఎవరినీ అడక్కుండా చేతికందిన పిల్లను చంకనేసుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

ఆ రాత్రి గురించి అంతకు మించి రాయడం నాకిష్టం లేదు. ఆ బడి పిల్లల్లో ముప్పై మందికి పైగా నీళ్లపాలయ్యారు. షార్కీ దంపతులు బతికారు.

ఉప్పెన ఎందుకొస్తుందో ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. తుఫాను గాలి సముద్రపు నీటిని తీరం మీదికి తోస్తుంది. బంగాళాఖాతం అంచు లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి కిందికి పోయే దారి ఉండదు, పైకి లేస్తుంది. గాలి సముద్రం నుంచి నేల వైపు వీచే పక్కన, అంటే మన తీరంలో తుఫాను కేంద్రానికి ఉత్తరాన, నీళ్లు మరీ ఎక్కువగా పోగవుతాయి. కృష్ణ తెచ్చి పోసిన నేల అరచేయిలా చదును, నీటికి అడ్డుపడే గుట్ట లేదు, మెరక లేదు. దానికి తోడు ఆ రోజు అమావాస్య దాటి రెండు రోజులే, పెద్దపోటు రోజులు. మామూలు పోటు మీద 13 అడుగుల ఎత్తున అల లేచింది. సముద్రం ఎక్కువగా చొచ్చుకుపోయినచోట 17 మైళ్లు లోపలికి వెళ్లింది. మొత్తం 780 చదరపు మైళ్ల నేల మునిగింది. ఆ చీకట్లో చంద్రుడు కూడా లేడు. విదియ నాటి నెలవంక మబ్బులు లేకపోయినా సందెవేళకే కుంకేది.

ముందుగా తెలిసే వీలే లేదా? సరిగ్గా 27 రోజుల ముందు, అక్టోబరు 5న ఇలాంటి తుఫానే కలకత్తాను ఊడ్చేసింది. హుగ్లీ నది వెంట లేచిన ఉప్పెన 50,000కు పైగా ప్రాణాలు తీసింది, రేవులో ఓడల్ని చితక్కొట్టింది. ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. పదేళ్ల తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది, బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధిపతి. దేశంలోని రేవులన్నిటికీ హెచ్చరికలు అందేసరికి 1886 వచ్చింది. ఇప్పటికీ కార్తీకమాసంలో వార్తల్లో వింటుంటాం, మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని. ఆ నంబర్లు పుట్టింది ఓడల కోసం. లంగరెత్తి నడిసముద్రంలోకి పోవాలా, రేవులోనే ఉండాలా అన్నది ఓడ కెప్టెనుకు చెప్పడానికి. పర్ర పక్క గుడిసెలో ఉన్నవాడికి ఆ నంబరుతో ఏం చేయాలో చెప్పే ఏర్పాటుకు ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. 1977 నవంబరు 19న ఇదే జిల్లాలో దివిసీమ మునిగినప్పుడు గుడిసెల్లోవాళ్లు గుడిసెల్లోనే ఉన్నారు. అదీ కార్తీకమాసమే.

నవంబరు 2, బుధవారం. గాలి తగ్గింది. నీళ్లు తీశాయి. తీసిన నీళ్లు వెనక్కి పోతూ మోసుకుపోగలిగినంత మోసుకుపోయి, మిగిలింది ఎక్కడిదక్కడ వదిలేశాయి. వీధి మధ్యలో పడవ. ఇంటి దూలానికి చిక్కుకున్న వల. చచ్చిన గొడ్లు. వాటి మధ్యే మనుషులు.

ఎంతమంది మిగిలారో బడిలో మొదట తెలిసింది అంబలి దగ్గరే అయివుంటుంది. వంటమనిషి బురదలోంచి కంచాలు ఏరి తెచ్చి కడగబోయింది. కడగడానికి నీళ్లు లేవు. ఇసుకతో తోమి వరసగా పెట్టింది. అలవాటు కొద్దీ దొరికినవన్నీ పెట్టేసింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. వరస చివరిదాకా రాలేదు. మిగిలిన కంచాలు తీసి లోపల పెట్టమని చెప్పడానికి దొరసానికి నోరు రాలేదు. తీయడానికి వంటమనిషికి చేతులు రాలేదు. పిల్లలు ఖాళీ కంచాల పక్కనే కూర్చుని తాగారు.

ఈ కుటుంబాన్ని గురించి రాయాలనిపించింది ఇందుకే. బాధితులను ఆదుకోవడం గురించి మనం చదివే కథల్లో సాధారణంగా ఒడ్డున నిలబడ్డవాడు మునిగినవాడికి చెయ్యందిస్తాడు. బందరులో ఆ ఒడ్డే లేదు. సాయం చేయాల్సినవాళ్ల ఇల్లూ మునిగింది, వాళ్ల పిల్లలూ పోయారు. ఊరంతా ఏ బురదలో ఉందో వీళ్లూ ఆ బురదలోనే ఉన్నారు. తేడా ఒక్కటే. వీళ్లకు ఉత్తరం రాయడం తెలుసు. లండన్ సాలిస్‌బరీ స్క్వేర్‌లోని సొసైటీ ఆఫీసులో ఆ ఉత్తరం చదివేవాళ్లున్నారు. మునిగిన పల్లెలకు ఆ భాగ్యం కూడా లేదు. వాళ్ల గోడు ఏ అచ్చుపుస్తకంలోకీ ఎక్కలేదు, జిల్లా మాన్యువల్లో ఒక అంకె అయింది.

ముందు చావుల పని. హిందువులను దహనం చేయాలి, కట్టె ఒక్కటీ పొడిగా లేదు. ముసల్మానులకు, క్రైస్తవులకు ఖననం, పార పెడితే గోతిలో నీళ్లు ఊరుతున్నాయి. ఏ దేహం ఎవరిదో పోల్చుకోవడానికి బట్టలు లేవు, బొట్టు లేదు, మొలతాడు లేదు. ఎవరి ఆచారం వాళ్లకు దక్కాలనుకునే వ్యవధి ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఆ తర్వాత ఎండ ఎక్కుతుంది. అందరికీ కలిపి గోతులే. బతికి ఉండగా ఒకే బావిలో చేదలు వేయడానికి ఒప్పుకోనివాళ్లను మట్టి ఒక్కచోట కప్పింది. ఇందులో సమానత్వం ఏదో సాధించామన్న అర్థం లాగడానికి ఏమీ లేదు. నెలలు గడిచేసరికి మళ్లీ ఎవరి బావి వాళ్లదే అయివుంటుంది.

బావి సంగతి వచ్చింది కనుక దాని దగ్గర కొంచెం ఆగాలి. ఉప్పెన తర్వాత చంపేది నీళ్లు లేకపోవడం. చుట్టూ ఉన్నదంతా నీరే, గుక్కెడు తాగడానికి లేదు. చెరువులు ఉప్పెక్కాయి. బావుల్లో సముద్రం నిలిచింది, అందులో కోళ్లూ కుక్కలూ తేలుతున్నాయి. కాచినా ఉప్పు పోదు. మొదటి రెండు రోజులు రాలిన కొబ్బరి బోండాలు చంటిపిల్లలకు ప్రాణం నిలిపి ఉంటాయి. గుంటల్లో, బోర్లపడిన పడవల గుల్లల్లో నిలిచిన వాన చుక్క ఎవరి కంటపడితే వాళ్లది.

షార్కీ పాదిరి కాంపౌండు బావి తోడించడం మొదలుపెట్టాడు. చేద మీద చేద. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తోడితే ఊట ఊరింది, రుచి చూస్తే మళ్లీ ఉప్పే. ఇంకా తోడమన్నాడు. గట్టు మీద కూర్చున్న జాలరి తాత చాలాసేపు చూసి అడిగాడు.

"ఎందాకా తోడతారయ్యగారూ?"

"తియ్యటి నీళ్లు పడేదాకా."

"అట్టా తోడితే పడవు. ఈ ఇసక నేలలో తియ్యటి నీళ్లు పైన తేలతాయి, కిందంతా సముద్రమే. మురికి తీసెయ్యండి, కాస్త సున్నం చల్లండి, ఊరుకోండి. రెండు వానలు పడనివ్వండి. ఈలోపల నా ఎంట ఇద్దరు పిల్లోళ్లను పంపండి. మెరకనున్న ఇసక దిబ్బలో చెలమ తీద్దాం."

తాత నేను కల్పించినవాడు, ఆయన చెప్పిన శాస్త్రం మాత్రం కల్పన కాదు. సముద్రతీరపు ఇసుకలో వాన నీరు ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలి ఉంటుంది. దాన్ని అతిగా తోడితే అడుగునున్న ఉప్పు ఎగదన్నుకొస్తుంది. 2004 సునామీ తర్వాత బావుల్లో మోటార్లు పెట్టి తోడిపోయించినచోట ఇదే జరిగింది. నీళ్ల నిపుణులు అప్పుడు చెప్పిందీ, నిదానించండి, వానను కడగనివ్వండి అనే. ఇసుక దిబ్బలో చేతులతో తీసే చెలమకు ఆ ఇబ్బంది లేదు. అది లోతుకు పోదు. ఊరినంత ఊరుతుంది, లోటాతో తీసుకోవడమే.

అలా తీసిన చెలమ దగ్గర పిల్లలు వంతులవారీగా కూర్చుని కుండ నింపుతుంటారని నా ఊహ. బతికిన పిల్లలకు అప్పుడు కావలసింది కూడా అలాంటి పనే. కుండ నిండేదాకా ఎటూ చూడనక్కర్లేదు, ఎవరినీ తలుచుకోనక్కర్లేదు. పక్కపేట ఆడవాళ్లు బిందెలతో వచ్చి, ఈ పిల్లలు ముట్టిన నీళ్లు తీసుకోవాలా వద్దా అని ఒక్క నిమిషం తటపటాయించి, చంకలో బిడ్డ ఏడుపు విని బిందె కింద పెట్టి ఉంటారు.

తిండి మాటకొస్తే, సార్వా వరి గింజ పోసుకునే వేళ అది. ఇంకో నెల రోజులు ఆగితే కోతలు. ఉప్పునీరు తగిలిన చేను నిలబడే ఎండిపోతుంది, పచ్చగడ్డికీ పనికిరాదు. ఇళ్లలో ఉన్న పాత ధాన్యం నాని, గాదెల్లోనే మొలకలెత్తి పులిసిపోతుంది. దాన్ని ఎండలో నెరిపి, దంచి, వాసన వచ్చే ఆ బియ్యాన్నే కడిగి కడిగి వండుకోవాలి. కడగడానికి మళ్లీ నీళ్లే. ఉప్పు పట్టిన పొలం ఒక్క ఏడుతో తేరుకోదు. మంచినీళ్లు నిలగట్టి, వదిలేసి, మళ్లీ నిలగట్టి మట్టిని కడగాలి. ఆనకట్ట నీళ్లు అందే భూములకు ఆ అవకాశం ఉంది, అందని మెట్టకు వానే గతి. పశువులు పోయాయి కాబట్టి అరక కట్టేదెవరు? కౌలురైతు సంగతి సరే, కూలివాడి సంగతేమిటి? మిషన్ ఇంటి గంజి కుండ ఇన్ని ప్రశ్నలకు సమాధానం కాదు. ఆ వీధికి మటుకే అది సమాధానం.

మిషనరీల సాయం అనగానే మతమార్పిడి మాట వస్తుంది. రావాల్సిందే. షార్కీలు ఆ ఊరికి వచ్చింది క్రీస్తును ప్రకటించడానికి, అందులో వాళ్లకు దాపరికం లేదు. ఆపదలో ఉన్నవాడికి అన్నం పెట్టేటప్పుడు పెట్టేవాడి దేవుడు కూడా విస్తరి ముందుకొచ్చి నిలబడతాడు. తినేవాడికి అది తెలుసు. ఇది న్యాయమా అని అడిగేవాళ్లు అడగవచ్చు, నేనూ అడుగుతాను. అయితే ఈ ఇంటి విషయంలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ బడి నమ్మకం మీద పిల్లల్ని వదిలి వెళ్లిన తల్లిదండ్రులు నవంబరు నెలలో వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటారు. తమ దేవుడు కాపాడతాడని చెప్పిన మనుషులు వాళ్లకు ఏం చెప్పాలి? ఆ గుమ్మంలోనే బడి తలుపులు శాశ్వతంగా మూసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

సర్కారు అలాగే చేసింది కూడా. ఉప్పెన తర్వాత కోట ఇక పనికిరాదని తేల్చుకుని 1865లో పటాలాన్ని ఎత్తేశారు. రెండు శతాబ్దాలకు పైగా ఆ రేవును పట్టుకుని ఊరేగిన దొరతనం ఒక్క రాత్రికే మూటాముల్లె సర్దుకుంది. జిల్లా కచేరీ నిలిచింది, సైన్యం మాత్రం మళ్లీ రాలేదు.

మిషన్ బళ్లు రెండూ నిలిచాయి. నోబుల్ తన బడిని మళ్లీ నడిపించాడు. అయితే ఏడాది తిరక్కముందే, 1865 అక్టోబరు 17న కన్నుమూశాడు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లిరాని ఆ మనిషిని బందరు మట్టిలోనే కలిపారు. మతం మార్చడానికి వచ్చాడని ఒకప్పుడు బడి ఖాళీ చేసిన ఊరే, తర్వాతి తరాల్లో ఆయన పేరున్న కాలేజీలో సీటు కోసం సిఫార్సులు వెతుక్కుంది.

1867లో జాన్ షార్కీ కూడా పోయాడు.

భర్త పోయిన మిషనరీ భార్యకు అప్పట్లో కళ్లముందు ఉండే ఒక దారి, ఓడెక్కి చుట్టాల దగ్గరికి వెళ్లిపోవడం. షార్కీ దొరసాని బందరు వదల్లేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆడపిల్లల చదువే పనిగా అక్కడే ఉండిపోయింది. తన కాంపౌండు పిల్లలతో సరిపెట్టుకోకుండా ఊళ్లోని ఇతర కులాల ఇళ్ల ఆడపిల్లల కోసం కూడా బళ్లు నడిపింది. ఉప్పెనకు ముందు ఆ ఇళ్ల గుమ్మాలు ఎక్కడం ఎంత కష్టమో, తర్వాతా అంతే కష్టం. ఒక్కో ఇంటికి వెళ్లాలి. తండ్రిని ఒప్పించాక తాత అడ్డుపడతాడు, తాతను ఒప్పించేసరికి పిల్లకు పెళ్లి కుదురుతుంది. దీనికి తోడు ఇంటి కప్పు, పిల్లల బట్టలు, పంతులమ్మల జీతాలు. ఇదివరకు పాదిరి సంతకంతో వెళ్లే అర్జీలు ఇక ఆమె పేరుతో వెళ్లి ఉంటాయి. ఉప్పెన ఊసెత్తి దానాలు అడిగే వీలు కూడా అప్పటికి తీరిపోయింది. ఓడలో ఉత్తరం లండన్ చేరేసరికి అక్కడి పేపర్లలో ఇంకో దేశం, ఇంకో ఆపద ఉంటాయి. ఆమె అడగాల్సింది మామూలు ఖర్చుల డబ్బు: ఇన్ని బస్తాల బియ్యం, ఇన్ని పలకలు, వానాకాలం లోపల మరమ్మతు చేయించాల్సిన ఒక గోడ.